ఋణభారము – నిందాభారము

దేశమునకు అప్పు పెరిగినదన్న మాట నెల్లరును ఒప్పుకొందురు. అది యెవరి మూలమున పెరిగినదని యడిగిన తోడనే వేళ్లన్నియు ఒక్క దిక్కునకు తిరుగుచున్నవి. ముప్పది యేండ్లు పిల్లలకు అక్షరములు దిద్దించి, జనాభా లెక్కలు వ్రాసి, ఎన్నికల పెట్టెలు మోసి, అరువదవ యేటనో అరువది రెండవ యేటనో ఇంటికి చేరిన బడిపంతులే ఖజానాను గుల్లచేసినాడట! ఢిల్లీ పండితులు గంభీరమైన ఇంగ్లీషులో పలికిన యీ మాటనే అమలాపురము గడియారస్తంభము కడ కాఫీ గ్లాసు చేతబట్టుకొని మన వర్తకులు తెలుగులో పలుకుచున్నారు. మొన్న మా పఠనమందిరములో నొక పెద్దమనిషి పత్రిక మడచి బల్లపై కొట్టి, ఈ పింఛనులు మాన్పించిన గాని రాష్ట్రము బాగుపడదని తీర్పు చెప్పగా, ఎదుట కూర్చున్న విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు మాటాడక తల వంచుకొని కళ్లజోడు తుడుచుకొనసాగెను. ఆయన తల వంచుకొనవలసిన పని యేమి వచ్చినది? ఈ ప్రశ్నయే మాచేత నేడు కలము పట్టించినది.

నింద వేయుట సులభము, లెక్క చూపుట కష్టము. 2019 జూలైలో నూతన ప్రభుత్వము పూర్వపు ప్రభుత్వము చేసిన అప్పులపై శ్వేతపత్రము ప్రకటించెను. 2024లో ప్రభుత్వము మఱల మారగా, ఆ జూలైలోనే మఱియొక శ్వేతపత్రము వెలువడెను. అప్పులు, చెల్లింపవలసిన బాధ్యతలు కలిసి 9 లక్షల 74 వేల కోట్ల రూపాయలని అందు చెప్పిరి. దిగిపోయినవారు ఆ యంకెను ఒప్పుకొనలేదు. రెండు పత్రములును తెల్లనివే. ఎవరి చేతి మసి యెంతయో మాత్రము రెండింటను తేలలేదు. ఊరి మీద ఊరు పడినను కరణము మీద కాసు పడదని మనవారు ఊరకనే యన్నారా?

కావున పత్రముల నట్లుంచి, ముందుగా కేంద్ర ప్రభుత్వపు రూపాయిని విడమరచి చూతము. ఇది మా గణితము కాదు, ప్రభుత్వమువారే 2025-26 బడ్జెటుతో అచ్చువేసిన లెక్క. ఖజానాకు వచ్చు ప్రతి రూపాయిలో 24 పైసలు అప్పు. పోవు ప్రతి రూపాయిలో 20 పైసలు వడ్డీ. పింఛనులకు పోవునది 4 పైసలు! ఆ నాలుగు పైసలలోనైనను సగమునకు మించినది సరిహద్దులు కాచి వచ్చిన సైనికులది: మొత్తము పింఛను వ్యయము సుమారు 2 లక్షల 77 వేల కోట్లు కాగా, అందు 1 లక్షా 60 వేల కోట్లకు పైగా రక్షణశాఖ పింఛనులే. సైనికుని పింఛను తీసివేయవలెనని పలుకు ధైర్యము ఏ పండితునకును లేదు, ఉండరాదు కూడ. రైల్వేల లెక్క వేఱు. ఇక మిగిలినది ఇంచుమించు 1 లక్షా 16 వేల కోట్లు. అదే సంవత్సరము వడ్డీకి కేటాయించినది 12 లక్షల 76 వేల కోట్లు. వరదనాడు ఏటిగట్టుకు గండి పడి పొలములు మునుగుచుండగా, ఇంటిలోని చెంబులో నీరు వృథాగా పోవుచున్నదని ముసలమ్మను గద్దించువానిని మన లంకవాసులు ఏమందురో మేము వ్రాయనక్కరలేదు.

పింఛనులు దేశమును పీల్చినవన్న వాదమునకు చరిత్రలో ఆధారము లేకపోలేదు. దానిని దాచుట న్యాయము గాదు. స్వరాజ్యోద్యమ కాలమున జాతీయ పత్రికలన్నియు ఒకే గొంతుతో ఖండించిన వస్తువు పింఛనే. ఈ దేశమున ఉద్యోగము చేసి సీమకు మరలిన దొరలకు పింఛనులు, సెలవు జీతములు, అప్పులపై వడ్డీలు, ఇండియా కార్యాలయపు ఖర్చులు – వీనినెల్ల 'హోము చార్జీలు' అను పేర లండనులో చెల్లించుచుండిరి. 1901-02లో అవి సుమారు ఒక కోటి 70 లక్షల పౌనులు. ఆ ద్రవ్యము థేమ్సు ఒడ్డున ఖర్చయ్యెడిది. గోదావరి రైతు కట్టిన శిస్తులో ఒక భాగము మఱి గోదావరి ముఖము చూచెడిది కాదు. దాదాభాయి నౌరోజీ గారు 'సంపద తరలింపు' అని మొఱపెట్టినది ఇందుకే. నేటి పింఛను అట్టిదా? రాజోలు పంతులుగారి పింఛను రాజోలు మందుల దుకాణములోను, తాటిపాక సంతలోను, మనుమరాలి కళాశాల జీతములోను ఖర్చగుచున్నది. నెల తిరుగకమునుపే అందులో కొంత పన్ను రూపమున ఖజానాకే మరలుచున్నది. ఒకే పేరున్నంత మాత్రమున రెండును ఒకటి కావు.

ఆనాటి అప్పు మాత్రము ఎట్లు పుట్టినదో వినదగిన కథ. 1833 చట్టము ప్రకారము ఈస్టిండియా కంపెనీ వాటాదారులకు నూటికి పదిన్నర వంతున లాభాంశమును భారతదేశపు రాబడి నుండియే చెల్లించిరి. 1874లో ఆ వాటాలను కొనివేసినప్పుడు నూటికి రెండువందల పౌనుల వంతున మూల్యమును గూడ మన పద్దుననే వ్రాసిరి. అనగా మనలను కొన్నవానికి మనమే వెల చెల్లించితిమి! 1857 నాటి తిరుగుబాటు నణచుటకైన వ్యయము వలన అప్పు ఇంచుమించు నాలుగు కోట్ల పౌనులు పెరిగెను. దానిని పూడ్చుటకు జేమ్సు విల్సను దొర 1860లో ఆదాయపు పన్ను తెచ్చెను. మద్రాసు గవర్నరు చార్లెసు ట్రెవెలియను ముందు ఖర్చు తగ్గింపుడని బహిరంగముగ వాదించి, ఆ నేరమునకు పదవి కోల్పోయి సీమకు పంపబడెను.

మఱి పన్ను తగ్గింపుల మాట? అదియు ఆనాడే కలదు. 1876-78లలో మద్రాసు రాజధాని ధాత కరవుతో తల్లడిల్లుచుండెను. కరవు తీఱెనో లేదో ఆఫ్గను యుద్ధము. ఖజానా వట్టిపోయినది. అట్టి తరుణమున, 1879లో, లిట్టను ప్రభువు తన సభలోని అధికసంఖ్యాకుల మాటను త్రోసిపుచ్చి లాంకషైరు ముతక బట్టలపై దిగుమతి సుంకము నెత్తివేసెను. 1882లో మిగిలిన నూలుబట్టల సుంకమును పోయినది. మాంచెస్టరు మిల్లు యజమానికి ఇట్లు పన్ను తగ్గుచుండగా, 1878 ప్రాంతమున మన మద్రాసు ప్రజల ఉప్పుపన్ను మణుగునకు రెండున్నర రూపాయలకు పెరిగెను. కరవు నిధి పేర వర్తకులపై వేసిన క్రొత్త పన్ను యుద్ధమునకు మళ్లినదని ఆనాడే గగ్గోలు పుట్టినది. ఒకనికి తగ్గించిన పన్ను మఱియొకని ఉప్పుకుండలో తేలును, లేదా అప్పుగా మాఱి మనుమల నెత్తికెక్కును. మూడవ దారి మాకు కనబడలేదు.

కరాచీ కాంగ్రెసు తరువాత 1931లో బహదుర్జీ, భూలాభాయి దేశాయి, కె. టి. షా, జె. సి. కుమారప్ప గార్లతో నొక సంఘమేర్పడి, ఈ ఋణములో న్యాయముగా మనది ఎంత, పరులు మన తలకంటగట్టినది ఎంత యని లెక్క తేల్చబూనెను. అప్పు ఎంతయని గాక, ఎవరి కొఱకు చేసినదని వారు ప్రశ్నించిరి. నేటి శ్వేతపత్రములకు పట్టని ప్రశ్న అదియే.

ఇప్పుడు మన కాలమునకు వత్తము. 2019 సెప్టెంబరు 20వ తేదీన కేంద్ర ఆర్థికమంత్రిణి నిర్మలా సీతారామను గారు కంపెనీల ఆదాయపు పన్నును, ఇతర రాయితీలు వదలుకొన్నవారికి, నూటికి 30 నుండి 22కు తగ్గించిరి. క్రొత్తగా కర్మాగారములు పెట్టు కంపెనీలకు 15 మాత్రమే. ఏటా 1 లక్షా 45 వేల కోట్ల రాబడి వదలుకొనుచున్నామని ప్రభుత్వమువారే చెప్పిరి. పైన మేము చూపిన సైనికేతర పింఛనుల మొత్తము కంటె ఇది పెద్దది. అది ఆరేండ్ల తరువాతి లెక్క యైనను! పార్లమెంటు కూర్చుండి చర్చించినదా? లేదు. ఆర్డినెన్సు వచ్చినది, తరువాత చట్టమైనది. కంపెనీల పన్ను వసూలు 2018-19లో 6 లక్షల 63 వేల కోట్లు, 2019-20లో 5 లక్షల 57 వేల కోట్లు. కరోనా పీడ దేశము మీద పడుటకు ముందే వచ్చిన తగ్గుదల ఇందులో చాల గలదు. అటుపిమ్మట లాభములు పెరిగి, 2023-24 నాటికి వసూలు 9 లక్షల కోట్లు దాటినదని వారు చెప్పుదురు. నిజమే. లాభములెంత పెరిగినవో కూడ చెప్పవలసియుండెను. 2020-23 నడుమ కంపెనీల లాభములు ఇంచుమించు నాలుగింతలైనవనియు, ఉద్యోగములును జీతములును ఆ తీరున పెరుగలేదనియు 2023-24 ఆర్థిక సర్వేక్షణమే వ్రాసినది. పన్ను తగ్గినచో పెట్టుబడులు వెల్లువెత్తునన్నారు. వెల్లువ వచ్చినచో కోనసీమ పిల్లలు హైదరాబాదునకును గల్ఫు దేశములకును ఇంకను ఏల పోవుచున్నారు?

ఈ రాయితీలో మన రాష్ట్రపు సొమ్మును కలదు. పదునైదవ ఆర్థికసంఘము చెప్పిన ప్రకారము పంచదగిన పన్నులలో నూటికి 41 వంతులు రాష్ట్రములవి, అందు ఆంధ్రప్రదేశమునకు నూటికి 4 పాళ్లకు కొంచె మెక్కువ. వదలుకొన్న మొత్తమంతయు పంచదగినదే యనుకొన్నచో, మన వాటా ఏటా ఇంచుమించు 2,400 కోట్ల నష్టము. అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లు, ఢిల్లీవారు దానము చేసిరి, అమరావతి వారు అప్పు చేయవలసివచ్చినది. ఇదొక్కటియే గాదు. 2015లో సంపద పన్నును, వసూలు స్వల్పమని, ఎత్తివేసి దానికి బదులు ధనికుల పన్నుపై సర్‌చార్జి పెంచిరి. సర్‌చార్జిలో రాష్ట్రములకు వాటా లేదు. 2020 మే నెలలో ప్రపంచమంతట ముడిచమురు వెల పడిపోగా, మనకు దిగవలసిన వెల దిగనీయక పెట్రోలుపై లీటరునకు 10 రూపాయలు, డీజిలుపై 13 రూపాయలు సుంకము వడ్డించిరి. అదియు వాటా లేని తీరుననే. కంపెనీకి తగ్గిన పన్ను అంతర్వేది మరపడవవాని డీజిలు డబ్బాలో తేలినది. లిట్టను నాటి ఉప్పు మఱల జ్ఞప్తికి వచ్చుచున్నది.

ఇక పింఛనుల సంగతి. అది ప్రభుత్వపు దయాధర్మము కాదని, చేసిన పనికి వెనుకకు నిలిపిన జీతమని, 1982 డిసెంబరు 17వ తేదీన నకారా వ్యాజ్యములో సుప్రీము కోర్టు తేల్చినది. విశ్రాంత ఉద్యోగులు నేటికిని ఆ దినమును పండుగగా జరుపుకొందురు. కాని మన రాష్ట్రమున 2004 సెప్టెంబరు 1వ తేదీ నుండి ఉద్యోగములో చేరినవారికి ఆ తీర్పు పండుగ కాకపోయినది. పాత పద్ధతిలో కడపటి జీతములో సగమును, దానిపై కరవుభత్యమును జీవితాంతము వచ్చెడివి. క్రొత్త పద్ధతిలో నెలనెల జీతములో పదవ వంతు కోసి, ప్రభుత్వ భాగము చేర్చి, మార్కెట్టులో పెట్టి, చివరకు దొరకిన దానిలో నూటికి 40 వంతులతో వార్షికవేతనము కొనుక్కొమ్మందురు. అది ఎంత వచ్చునో ముందుగా చెప్పగలవారు లేరు. 2003 నాటి డి.యస్.సి. ప్రకటనకు దరఖాస్తు పెట్టి, పరీక్ష వ్రాసి, ప్రభుత్వము నియామకములను ఆలస్యము చేసిన కారణమున 2005లో చేరిన ఉపాధ్యాయులు కోనసీమలో నెందఱో గలరు. ఆలస్యము ప్రభుత్వముది, శిక్ష వారిది! తమ ఉద్యోగులలో ఇట్టి స్థితిలో నున్నవారికి కేంద్రము 2023 మార్చిలో పాత పింఛను కోరుకొను అవకాశ మిచ్చినది. మన పంతుళ్లు ఆ ఉత్తర్వు ప్రతిని చేతబట్టుకొని కార్యాలయముల చుట్టు తిరిగిరి.

అధికారమునకు వచ్చిన వారము దినములలో ఈ పద్ధతి రద్దగునని 2019 ఎన్నికల ముందు వాగ్దానము చేసిరి. వారములు గడచినవి, వత్సరములు గడచినవి. 2023లో 'హామీ పింఛను' అను చట్టమొకటి చేసిరి. అడిగినది రద్దు, వచ్చినది సవరణ యని ఉద్యోగులు పెదవి విఱిచిరి. కేంద్రము మాత్రము 2025 ఏప్రిలు 1వ తేదీ నుండి, ఇరువది యైదేండ్లు కొలువు చేసినవారికి చివరి పండ్రెండు నెలల మూలవేతనపు సగటులో సగము నిశ్చయముగా నిత్తుమని క్రొత్త యేర్పాటు చేసినది. మార్కెట్టు ఒక్కటియే వృద్ధుని పోషింపలేదని ఇరువది యొక్క యేండ్లకు ఒప్పుకొనుటయే గదా ఇది! ఇంతకును, ఈ విద్యనంతయు బోధించిన పార్లమెంటు సభ్యులు తమ పింఛనును మార్కెట్టునకు వదలిరా? మాజీ సభ్యుని పింఛను 2023 ఏప్రిలు నుండి వర్తించునట్లు 25 వేల నుండి 31 వేలకు పెంచుకొనిరి. అందులో పదవ వంతు కోతయు లేదు, మార్కెట్టు ఆటుపోట్లును లేవు.

మా వాదమునకు ఎదురుగా బలమైన మాట యొకటి గలదు. పాత పద్ధతికే రాష్ట్రములన్నియు మరలినచో, రానున్న దశాబ్దులలో భారము క్రొత్త పద్ధతికంటె నాలుగున్నర రెట్ల వఱకు పెరుగునని 2023 సెప్టెంబరు రిజర్వు బ్యాంకు బులెటినులోని వ్యాసము హెచ్చరించినది. దానిని మేము తీసిపారవేయము. రాష్ట్రపు ఖజానాపై పింఛను భారము కేంద్రముకంటె బరువైనది. పంతుళ్లును, పోలీసులును, ఆస్పత్రి సిబ్బందియు రాష్ట్రమువారే గదా. కాని మొదట ఒక్కమాట. 2004కు తరువాత చేరినవారిలో అత్యధికులు ఇంకను కొలువులోనే యున్నారు. కావున నిన్న మొన్నటి అప్పును వారి తలకంటగట్టుట అబద్ధము. రేపటి భారమందురా, రేపటికి నేడే నిధి కూర్చవలెను. ఏటేట కొంత తీసి ప్రత్యేక నిధిలో వేయుటకు డబ్బు లేదన్నవారికి 1 లక్షా 45 వేల కోట్లు వదలుకొనుటకు డబ్బు ఎట్లు దొరకినది?

ఇంకొక మాట మమ్ము నిజముగా నొప్పించుచున్నది. కొబ్బరిచెట్టెక్కి దింపు తీయువానికి పింఛను ఏది? పీచు కర్మాగారములో వేళ్లరిగిన స్త్రీకి, మస్కటులో పదునైదేండ్లు పరుల యిండ్లలో చాకిరి చేసి రాజోలు తిరిగివచ్చిన తల్లికి కడపటి జీతములో సగమెవరిత్తురు? పంతులుగారి పింఛను గూర్చి యింత వ్రాసి వీరిని మఱచినచో మా వాదము ఉద్యోగుల వకాల్తా మాత్రమగును. వీరికి రాష్ట్రమిచ్చునది 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలు. ఆ నెల ఒకటవ తేదీన 65 లక్షలకు పైబడినవారికి వేర్వేఱు తరగతుల పింఛను లందినవి. అందులో దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధునికై కేంద్రము వేయు పాలు ఎంతయని పాఠకులెన్నడైన విచారించిరా? 80 యేండ్లు నిండనివానికి నెలకు 200 రూపాయలు! 2007లోను అదే, నేటికిని అదే. ఆ రెండువందలకు అప్పుడెన్ని బియ్యము వచ్చెడివో, నేడెన్ని వచ్చుచున్నవో అంబాజీపేట కిరాణా దుకాణములో విచారించిన తెలియును. దేశపు అప్పు పెరుగుటకు ఈ వృద్ధుడు కారణమన్న పండితుని మేము ఒకమారు లంకలోనికి ఆహ్వానించుచున్నాము; పడవ ఖర్చు మాది.

అప్పు పేరు చెప్పినంతనే బెదరువారము మేము కాము. ధవళేశ్వరము ఆనకట్టయు, గన్నవరము అక్విడక్టును కట్టిననాడును ద్రవ్యము వెచ్చింపవలసియే వచ్చినది; కాటను దొర దాని కొఱకు పైవారితో పోరాడవలసియే వచ్చినది. ఆ వ్యయమును మన వరిచేలును కొబ్బరితోటలును ఎన్నడో తీర్చివేసినవి. కాలువ త్రవ్వుటకు, పాఠశాల కట్టుటకు, 1996 నవంబరు తుపాను వంటి విపత్తులో కూలిన యిండ్లు నిలుపుటకు చేయు అప్పు గృహస్థుడు విత్తనములకు చేయు అప్పు వంటిది. లాభములు పండించుకొనుచున్నవానికి పన్ను తగ్గించి, ఆ వెలితిని అప్పుతో పూడ్చి, ఆ అప్పునకు వడ్డీని అప్పు తెచ్చి కట్టుట – ఇది అప్పుచేసి పప్పుకూడు గూడ గాదు. పప్పుకూడు తిన్నవాడు ఒకడు, అప్పు తీర్చువాడు మఱియొకడు.

కడపట మా పాఠకులతోనే కొంచెము కటువుగా మాటాడవలసియున్నది. 2025 బడ్జెటులో 12 లక్షల వఱకు ఆదాయమున్నవారికి పన్ను లేదనగా, అమలాపురము, కొత్తపేట కార్యాలయములలో మిఠాయిలు పంచుకొన్నవారు మనవారే. ఆ రాయితీకి ఇంచుమించు ఒక లక్ష కోట్ల రాబడి పోవునని ఆనాడే చెప్పిరి. నెల జీతగాని బరువు దిగినందుకు మాకు అసూయ లేదు. ఎన్నో యేండ్లుగా మూలమునందే కోత పడి పన్ను తప్పించుకొన వీలులేనివాడు అతడే. కాని ఉదయము పాత పింఛను కావలెనని ధర్నా శిబిరములో కూర్చుండి, సాయంకాలము పన్ను పోయినదని పండుగ చేసికొన్నవాడు, ఆ రెండింటికి నడుమ ఖాళీని ఎవరు నింపుదురో ఒక్క క్షణమైన ఆలోచింపవలదా? ఉద్యోగసంఘముల తీర్మానములలో పింఛను గూర్చిన పుటలు మేము చాల చదివితిమి. కంపెనీల పన్ను గూర్చి, వాటా లేని సెస్సుల గూర్చి, ఆ 200 రూపాయల గూర్చి ఒక్క తీర్మానమైన చేయుడని కోరుచున్నాము. దింపు కార్మికుడు మీ ధర్నా శిబిరము ముందు నుండి ఏల ముఖము త్రిప్పుకొని పోవుచున్నాడో అప్పుడు మీకు బోధపడును.

అమలాపురము పార్లమెంటు నియోజకవర్గము నుండి ఢిల్లీకి పోయినవారు, పోగోరువారు, ఎన్నికల వేళ మా పఠనమందిరమునకు తప్పక వత్తురు. కేంద్రమిచ్చు 200 ఎప్పుడు పెరుగునని, 2019 రాయితీకి బదులుగా వచ్చిన పెట్టుబడులలో గోదావరి జిల్లాలకు దక్కినదెంతయని, 2003 డి.యస్.సి. పంతుళ్లపై తమ మాట యేమని వారిని అడిగి వ్రాతమూలకముగ బదులు పుచ్చుకొనుడు. విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు గారే ముందు వరుసలో కూర్చుండి అడుగవలెనని మా కోరిక. బదులు ఏ పక్షమువారి నుండి వచ్చినను, ఒక్క అక్షరము మార్పక, ఈ పుటలోనే ప్రకటింతుము.